పాఠకుల ప్రశ్నలు: కొండ మీది బరువు కింది రోడ్డుకు చేరేదెలా?

ఈ నెల ఉత్తరాల్లో ఐదింటిది ఒకటే గోడు. సరుకు కొండ మీదో తోటలోనో అడవిలోనో ఉంటుంది, బండి ఆగే చోటు ఎక్కడో కింద ఉంటుంది. మధ్యలో ఉన్న కాలిబాట మీద బరువు ఎలా దించాలన్నదే అందరి ప్రశ్న. చాలామంది బరువు ఎంతో రాశారు గానీ బాట ఎలా ఉంటుందో రాయలేదు. సాధనాన్ని తేల్చేది బాటే. వాలు ఎంత, వెడల్పు ఎంత, నేల గట్టిదా గుల్లదా, మధ్యలో గెడ్డలు ఎన్ని దాటాలి అన్నది తెలిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: కొండవాలున మాకు జీడితోట ఉంది. తారురోడ్డుకు కిలోమీటరున్నర కాలిబాట. మార్చి నుంచి మే దాకా పిక్కల బస్తాలు దింపాలి, మోసే మనుషులు దొరకడం లేదు. రెండు చక్రాల బండి చేయించాలా, ఒంటిచక్రం బండి చేయించాలా? – ఒక రైతు, మందస మండలం

ముందు బాటను కొలవండి. రెండు మీటర్ల కర్ర, తాపీమేస్త్రీ దగ్గరుండే రసమట్టం చాలు. కర్ర ఒక కొసను బాట మీద ఆనించి, రెండో కొసను వాలు వైపు చాపి, రసమట్టంతో సమంగా పట్టండి. ఆ కొస నుంచి నేలకు ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. 20 సెంటీమీటర్లుంటే పదింటికి ఒకటి వాలు, 40 ఉంటే ఐదింటికి ఒకటి. బాటలో బాగా నిలువుగా ఉన్న నాలుగైదు చోట్ల కొలిస్తే సరిపోతుంది. సగటు వాలు లెక్క ఇక్కడ పనికిరాదు, బండి జారేది అన్నిటికంటే నిటారుగా ఉన్న ముక్కలోనే.

ఇప్పుడు లెక్క చూద్దాం. బండి 20 కిలోలు, సరుకు 80 కిలోలు, మొత్తం 100. గతుకుల మట్టిబాట మీద చక్రం దొర్లడానికి 5 నుంచి 8 కిలోల తోపు కావాలి. ఐదింటికి ఒకటి వాలులో బండి తనంతట తాను 20 కిలోల బలంతో కిందికి లాగుతుంది. దొర్లుడు పట్టు తీసేస్తే 12 నుంచి 15 కిలోలు మీ మీదికి వస్తాయి. కాలు నిలిచే గట్టి నేల మీద మనిషి దాన్ని సులువుగా ఆపుతాడు. ఎండిన గరపనేల మీద, ఎండుటాకుల మీద కాలు నిలవదు. అందుకే చెబుతున్నాం, పదింటికి ఒకటి కంటే ఎక్కువ వాలుంటే బ్రేకు లేని బండి చేయించవద్దు. ఐదింటికి ఒకటి దాటితే బ్రేకుతో పాటు వెనక పట్టుకునే రెండో మనిషి కూడా ఉండాలి.

ఒకటా రెండా అన్నది బాట వెడల్పు తేలుస్తుంది. నాలుగడుగుల బాట, అడ్డవాలు లేకపోతే రెండు చక్రాల బండి హాయి, ఒక్క మనిషితో పని జరుగుతుంది. మీది కొండ పక్కన చెక్కిన కాలిబాట అయితే ఒక చక్రం ఎత్తులో, ఒకటి పల్లంలో నడుస్తుంది. బరువు కాస్త ఎత్తుగా ఉన్నా పల్లం వైపు పడిపోతుంది. అలాంటి చోట ఒంటిచక్రమే మేలు. ముందొకరు, వెనకొకరు పట్టుకునేలా నాలుగు పిడులు పెట్టించండి. భవన నిర్మాణంలో వాడే ఒంటిచక్రం బండి మాత్రం కొనవద్దు. దాని చక్రం చిన్నది, ముందు కొసన ఉంటుంది, సగం బరువు మీ చేతుల మీద పడుతుంది. చక్రం బరువుకు సరిగ్గా కింద ఉండాలి.

చక్రానికి సైకిలు రిమ్ము వాడితే నిటారుగా బరువు మోస్తుంది గానీ, పక్క నుంచి తోపు వస్తే చువ్వలు వదులై రిమ్ము వంకరపోతుంది. కొండబాటలో పక్కతోపు తప్పదు. పాత మోపెడ్ ముందు చక్రం దీనికి సరిగ్గా సరిపోతుంది. టీవీఎస్ ఎక్సెల్‌ది 16 అంగుళాల చక్రం, 2.50 టైరు, అందులోనే డ్రమ్ము బ్రేకు ఉంటుంది. పాత ఇనుప సామాను కొట్టులో చక్రం ఒక్కటే తెచ్చుకోకండి, ఫోర్కు కింది ముక్కలు కూడా కోయించి తెచ్చుకోండి. బ్రేకు ప్లేటుకు ఉన్న గాడి ఫోర్కు పంటిలో కూర్చోవాలి. అది లేకుండా బిగిస్తే బ్రేకు నొక్కగానే ప్లేటు కూడా చక్రంతో తిరిగి కేబులు మెలిపడి తెగుతుంది. బ్రేకు పనిచేయడం లేదని జనం వదిలేసిన బండ్లలో తరచు కనబడే లోపం ఇదే. బ్రేకు పిడి వెనక మనిషి చేతికి అందాలి, ముందు మనిషికి కాదు. బండి జారితే ముందువాడు దారి తప్పుకోవాలే గానీ దాన్ని ఆపబోకూడదు.

చట్రానికి అంగుళం జీఐ పైపు చాలు. ఇరుసు బిగించే చోట పైపు మీద నేరుగా వెల్డింగు చేయించకండి. పలుచని పైపు ఆ వేడికి బలహీనపడి, కొన్ని వారాల కుదుపులకు వెల్డింగు పక్కనే చిట్లుతుంది. ఐదు మిల్లీమీటర్ల రేకు ముక్కను మూలకు ఆనించి, ఆ రేకుకు ఇరుసు గాడి పెట్టించండి. బస్తాలను చక్రానికి అటొకటి ఇటొకటి, అడుగు నేలకు జానెడు ఎత్తులో ఉండేలా వేలాడదీస్తే బరువు కిందికి దిగి బండి నిలకడగా ఉంటుంది. దీనికి బాట రెండున్నర అడుగులకు పైగా ఉండాలి. అంతకంటే సన్నమైతే చక్రం పైన ఒక్క 40 కిలోల మూటే. కట్టడానికి నైలాను తాడు కంటే పాత సైకిలు ట్యూబు మంచిది, కుదుపుకు సాగి మళ్ళీ బిగుసుకుంటుంది.

పలాస వ్యాపారులు 80 కిలోల బస్తా లెక్కన కొంటారని తోటలోనే 80 కిలోలు నింపకండి. 40 కిలోల మూటలుగా దింపి, రోడ్డు దగ్గర నింపి కుట్టండి. దించేవాడి నడుమూ మిగులుతుంది, బండీ మిగులుతుంది. టైరులో గాలి 20-25 పీఎస్‌ఐ దాటనివ్వకండి. గట్టిగా కొడితే రాళ్ళ మీద ఎగురుతుంది, గుల్లనేలలో దిగబడుతుంది. రేగుముళ్ళున్న బాటైతే ట్యూబులో పంక్చరు ద్రావణం పోయించండి.

ప్రశ్న: కావిడి బద్ద ఏడాది తిరక్కుండానే పుచ్చిపోతోంది, లేదా విరుగుతోంది. ఎలాంటి వెదురు తేవాలి? కొండెక్కేటప్పుడు ముందు బుట్ట నేలకు తగులుతోంది, దానికేమైనా ఉపాయముందా? – మెళియాపుట్టి నుంచి

సాధనపు వెదురు తీసుకోండి. లోపల బోలు తక్కువ, గోడ మందం, చివరి దాకా వంగి మళ్ళీ లేస్తుంది. ముళ్ళ వెదురు లావుగా కనిపిస్తుంది గానీ బోలు ఎక్కువ, బద్ద చీలిస్తే అంత తీరు రాదు. మూడేళ్ళు నిండిన గడ కావాలి. లేత గడ పచ్చగా నిగనిగలాడుతుంది, కణుపుల దగ్గర పొర ఇంకా అంటుకునే ఉంటుంది. దాన్ని కొడితే ఎండాక ముడుచుకుని పగుళ్ళిస్తుంది.

పుచ్చడానికి కారణం వెదురులో ఉండే పిండి. పురుగు తినేది దాన్నే. వానలు తగ్గాక, చలికాలంలో కొట్టిన గడలో పిండి తక్కువ. కొట్టిన గడను పారే గెడ్డలో రెండు మూడు వారాలు రాళ్ళు పెట్టి ముంచి ఉంచితే ఉన్న పిండి కూడా చాలావరకు కరిగిపోతుంది. తీశాక ఎండలో పడేయకుండా నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఆ తర్వాతే చీల్చాలి.

బద్ద ఐదున్నర అడుగులుంటే మామూలు ఎత్తు మనిషికి సరి. భుజం మీద ఆనే చోట మందంగా వదిలి, కొసలకు పోను పోను చెక్కుతూ పలచన చేయాలి. కొసలు ఊగుతుంటే బరువు అడుగుకో దెబ్బగా భుజం మీద పడదు, నడకతో పాటు లేచి దిగుతుంది. ఎత్తీ ఎత్తగానే గట్టిగా నిలబడిపోయిన బద్ద భుజాన్ని చంపుతుంది. అటు 20, ఇటు 20 కిలోలు చాలు.

ముందు బుట్ట తగలడానికి ఉట్టి తాళ్ళ పొడవే కారణం. ఎక్కేటప్పుడు ముందు ఉట్టిని జానెడు కురచ చేయండి, దిగేటప్పుడు వెనక ఉట్టిని. ప్రతిసారీ విప్పి కట్టే పని లేకుండా తాడులో రెండు ముడులు ముందే వేసి, బద్ద కొసనున్న గాడిలో ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉద్యోగం. ఆఫీసులో స్నేహితులతో కలిసి లైసెన్సు తీసుకుని నవంబరులో జింకల వేటకు వెళ్తాడట. కొట్టిన జింకను అడవిలోంచి కారు దాకా తేవడానికి బండి కొనాలా, జారుడు పలక కొనాలా అని అడుగుతున్నాడు. నాకు ఎడ్లబండి, కావిడి తప్ప తెలియవు. మీరు చెబితే చేరవేస్తాను. – ఒక తండ్రి, రాజాం

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ చదివేవారిలో ఎవరూ దీన్ని మన అడవులకు వర్తింపజేసుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర దుప్పి, కణితి, కృష్ణజింక వంటివాటిని వేటాడటం జైలుకు పంపే నేరం. చచ్చిపడి ఉన్న దుప్పి కనిపించినా ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పాలి. అక్కడి సంగతి వేరు. తెల్లతోక జింకలు అక్కడ విపరీతంగా ఉన్నాయి. ప్రభుత్వమే ఏటా వేటకాలం పెట్టి, లైసెన్సు ఇచ్చి, కొట్టిన ప్రతి జింకనూ నమోదు చేయిస్తుంది.

మీవాడు ముందుగా తెలుసుకోవలసింది బరువు. పేగులు తీసేశాక ఆడజింక సుమారు 45 నుంచి 55 కిలోలు, పెద్ద మగజింక 70 నుంచి 80 కిలోలు. పొడినేల మీద, ఆకుల మీద ఈడిస్తే బరువులో దాదాపు సగం బలంతో లాగాలి, అంటే పెద్ద జింకకు 35-40 కిలోలు. అదే ప్లాస్టిక్ పలక మీద వేసి మంచు మీద లాగితే పది కిలోల దరిదాపుల్లోకి వస్తుంది. గట్టి బాట మీద చక్రాల బండికి అంతకంటే తక్కువ. కానీ చక్రానికి బాట కావాలి. పడిపోయిన చెట్లు, బురద, పొదలు ఉన్న అడవిలో బండి అడుగడుగునా ఎత్తాల్సిన మరో బరువవుతుంది.

కాబట్టి మొదటి వేటకు బండి వద్దు. ఆరడుగుల పొడవుండి, చుట్టచుట్టి వీపున తగిలించుకోగల పలుచని ప్లాస్టిక్ షీటు పలక ఒకటి, భుజాలకు నడుముకు పట్టుకునే లాగుడు పట్టీ ఒకటి కొనమనండి. చేతులతో లాగితే వేళ్ళు, ముంజేతులు ముందు అలిసిపోతాయి. పట్టీ ఆ బరువును నడుముకు, కాళ్ళకు పంచుతుంది. తొట్టిలా అంచులున్న గట్టి స్లెడ్లు మంచు మీద అద్భుతంగా పోతాయి, మాంసానికి మట్టి అంటదు. కాకపోతే వేట స్థలం దాకా వాటినీ లాక్కుంటూ వెళ్ళాలి, మలుపుల్లో చెట్లకు తట్టుకుంటాయి.

పలక లేకుండా ఈడ్చాల్సి వస్తే తల ముందుండాలి. వెంట్రుకలు తల నుంచి తోక వైపు వాలి ఉంటాయి, తోక పట్టి లాగితే ఎదురు తిరిగి నేలను పట్టేస్తాయి. ముందుకాళ్ళు మడిచి మెడకు కట్టేయాలి, లేకుంటే ప్రతి పొదకూ కొక్కెంలా తగులుకుంటాయి. తాడును కొమ్ముల మొదట్లో బిగించి, ముక్కు చుట్టూ ఒక మెలిక వేస్తే తల పైకి లేచి ఉంటుంది. తాడు కురచగా ఉండాలి. అప్పుడే మీ లాగుడుకు జింక ముందుభాగం కాస్త నేల వదులుతుంది, రాపిడి తగ్గుతుంది. తాడు చివర జానెడున్నర కర్ర కడితే చేతికి పట్టు దొరుకుతుంది. ఈడ్చబోయే జింకకు పొట్ట కోత చిన్నదిగా ఉంచాలి, ఛాతీ ఎముక దాకా చీలిస్తే ఆకూ మట్టీ లోపలికి పోతాయి.

కాళ్ళు కట్టడం మాత్రం వెంటనే చేయాలి. కొన్ని గంటల్లో శరీరం బిగుసుకుంటుంది. చాచిన కాళ్ళు అలాగే గట్టిపడితే పలక మీదా పట్టదు, బండి మీదా పట్టదు.

వాళ్ళు వేటాడే చోట కలప దారులో, పాత ట్రాక్టరు బాటలో ఉంటే అప్పుడు బండి గురించి ఆలోచించవచ్చు. పెట్టె మీద 300 పౌన్లు, 500 పౌన్లు అని రాసి ఉంటుంది. 300 పౌన్లంటే 136 కిలోలు, ఒక్క జింకకు ఎక్కువే. ఆ అంకె చూసి కొనకుండా చక్రం చూసి కొనాలి. పదహారు అంగుళాలకు తగ్గితే దుంగలు ఎక్కదు. చవక బండ్లలో చక్రాన్ని ఇరుసుకు నిలిపేది సన్నని పిన్ను ఒక్కటే. పొదలకు గీసుకుని అది ఊడిపోతే చక్రం చీకట్లో ఎక్కడో పడిపోతుంది, నాలుగు పిన్నులు అదనంగా జేబులో ఉంచుకోవాలి. మామూలు నట్లు తీసేసి నైలాను ఉన్న లాకు నట్లు వేయాలి. జింకను ఎక్కించాక పిడి దగ్గర ఐదారు కిలోలు మాత్రమే చేతికి తెలిసేలా ముందుకో వెనక్కో జరపాలి. మూడు చోట్ల పట్టీ వేయాలి, కొమ్ములను చట్రానికి కట్టేయాలి. వేలాడే కొమ్ము చక్రం చువ్వల్లో దూరితే బండి అక్కడికక్కడే బోల్తా.

దూరం కిలోమీటరు దాటి, నేల మరీ చెడ్డదైతే ఈడ్చడం మానేసి అక్కడే ముక్కలు చేసి, గాలాడే గుడ్డ సంచుల్లో వీపున మోయడం ఉత్తమం. ఎముక తీసిన మాంసం పేగులు తీసిన బరువులో సుమారు సగమే వస్తుంది. అయితే ముక్కలు చేసేముందు ఆ ప్రాంతపు నిబంధన చూసుకోవాలి. విస్కాన్సిన్‌లో జింక దొరికిన మర్నాడు సాయంత్రం 5 గంటల్లోగా నమోదు చేయాలి. అక్కడి జింకల్లో మెదడును తినేసే సీడబ్ల్యూడీ అనే జబ్బును 2002లో గుర్తించారు. అందుకే తల, వెన్నెముక ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1964 నాటి అమెరికా చట్టం కింద ‘వైల్డర్‌నెస్’గా ప్రకటించిన అక్కడి కేంద్ర ప్రభుత్వ అడవుల్లో మోటారు వాహనాలే కాదు, చేత్తో తోసే చక్రాల బండి కూడా నిషిద్ధం. అక్కడ పలకో వీపో, అంతే.

ఎంత చలిగా ఉన్నా మాంసాన్ని త్వరగా 4 డిగ్రీల కిందికి దించాలి. పగలు 10 డిగ్రీలు దాటితే పొట్టలో మంచు సంచులు పెట్టాలి.

చివరగా, తండ్రిగా మీరు గట్టిగా చెప్పాల్సినవి రెండు. జింకను భుజాన వేసుకుని నడవవద్దనండి. దూరం నుంచి చూసే మరో వేటగాడికి పొదల మధ్య కదిలే జింకే కనబడుతుంది. ఎలా తెచ్చినా జింక మీద మెరిసే నారింజ రంగు గుడ్డ కట్టాలి. రెండోది, ఏడాదంతా కుర్చీలో కూర్చునేవాడు ఆ చలిలో 80 కిలోలు ఒంటరిగా ఈడిస్తే గుండె మీద పడే భారం చాలా ఎక్కువ. అక్కడ ప్రతి వేటకాలంలో గుండెపోట్లు వచ్చేది ఇలాంటప్పుడే. ఇద్దరు లాగాలి. వంద అడుగులకోసారి ఆగాలి. ఛాతీ బరువుగా అనిపిస్తే జింకను అక్కడే వదిలేసి సాయానికి ఫోను చేయాలి.

ప్రశ్న: మా ఊరు కొండపైన. బాట మెట్లు మెట్లుగా నిలువుగా దిగుతుంది, ఏ చక్రమూ పనికిరాదు. చింతపండు, పసుపు, కొండచీపుర్లు దించడానికి ఇనుప తీగ కట్టి కప్పీ మీద బస్తాలు వదలొచ్చా? – శృంగవరపుకోట మండలం యువకులు

వదలొచ్చు, హిమాలయ గ్రామాల్లో ఇలాంటి తీగమార్గాలు పనిచేస్తున్నాయి. కానీ తీగను ఎంత బిగిస్తే అంత మంచిదనే ఊహతో మొదలుపెడితే ప్రమాదం. లెక్క చూడండి. వంద మీటర్ల దూరం, మధ్యలో 50 కిలోల బస్తా. తీగ ఐదు మీటర్లు వేలాడేలా వదులుగా కడితే బస్తా వల్ల తీగలో వచ్చే లాగుడు 250 కిలోలు. అదే తీగను బిగించి ఒక్క మీటరే వేలాడనిస్తే 1250 కిలోలు! బస్తా అదే, దూరం అదే. తీగ సొంత బరువు లాగుడు దీనికి అదనం. వేలాడు తగ్గే కొద్దీ లాగుడు పెరుగుతుంది, చివరికి తీగో కట్టిన గుంజో పోతుంది.

ఎనిమిది మిల్లీమీటర్ల మంచి స్టీలు వైరు రోపు తెగే బలం మూడున్నర టన్నుల ప్రాంతం. అందులో ఐదో వంతే, అంటే 700 కిలోలే వాడుకోవాలి. వేలాడు దూరంలో ఇరవయ్యో వంతు ఉంచితే వంద మీటర్లకు తీగ బరువుతో కలిపి 300 కిలోల పైచిలుకు, హద్దులోనే ఉంటారు. కరెంటోళ్ళు పారేసిన అల్యూమినియం తీగ, కంచె తీగ దీనికి వాడవద్దు.

కొసలు కట్టడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. తీగను ముడి వేయకూడదు, ముడిలో సగం బలం పోతుంది. కన్ను వంచి లోపల ఇనుప తొడుగు పెట్టి, యు-బోల్టు క్లిప్పులు కనీసం మూడు, ఐదేసి సెంటీమీటర్ల దూరంలో బిగించాలి. బరువు మోసే తీగ వైపు క్లిప్పు దిమ్మ ఉండాలి, యు ఆకారపు కడ్డీ చచ్చుకొస (వెనక్కి మడిచిన, బరువు మోయని కొస) వైపు ఉండాలి. తిరగేస్తే కడ్డీ మోసే తీగనే నలిపేస్తుంది. మొదటి బరువు పడ్డాక మళ్ళీ బిగించాలి, ఎందుకంటే తీగ సన్నబడి క్లిప్పులు వదులవుతాయి. తీగను చెట్టుకు కట్టవద్దు. మనిషి లోతు గోతిలో అడ్డంగా పాతిన మద్దిదుంగ, పైన రాళ్ళు నింపి కుదించిన మట్టి, అదే నమ్మదగిన గుంజ.

బస్తాను ఊరికే వదిలేస్తే కిందికి చేరేసరికి ప్రాణం తీసే వేగం వస్తుంది. దానికి రెండో తాడు కట్టి, పైన నున్నని దుంగ చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి కొద్దికొద్దిగా వదలాలి. కింద చివరి పది మీటర్లలో మనుషులు నిలబడకూడదు. తీగ మీద మనుషులు ఎక్కడం, పిల్లల్ని ఆటకు ఎక్కించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కరెంటు లైను దాటేలా ఉంటే ఆ చోటే మార్చుకోండి. నేల అటవీశాఖదైతే ముందు వాళ్ళ అనుమతి, తర్వాతే గొయ్యి. మొదటి తీగను మాత్రం ఐటీడీఏ ఇంజినీరుతోనో, తీగపని తెలిసిన వ్యక్తితోనో లెక్క వేయించి కట్టండి. ఇక్కడ రాసింది మీకు అవగాహన కోసం, నేరుగా కట్టేయడానికి సరిపోదు.

ప్రశ్న: అదే బాట మీద రోగుల్ని డోలీలో దించుతున్నాం. దుప్పటి ముడి జారి ఒకసారి పడబోయారు. డోలీ ఎలా కట్టాలి? – ఆ ఉత్తరంలోనే రెండో ప్రశ్న

ముందు 108కు ఫోను చేసి, వాహనం ఏ మలుపు దగ్గర ఆగుతుందో ఖాయం చేసుకున్నాకే బయల్దేరండి. దుప్పటి కొసలు గడకు ముడివేయడం మానేయండి, బరువుకు బట్ట సన్నబడి ముడి జారుతుంది. మందపాటి కాన్వాసు గుడ్డను ఏడడుగుల పొడవున కత్తిరించి, రెండు కొసల్లో గడ దూరేంత గొట్టంలా మడిచి, మూడు వరుసలు కుట్టించి ఊరి బడిలో సిద్ధంగా ఉంచండి. గడ తొమ్మిదడుగుల సాధనపు వెదురు, లావు మూడంగుళాలకు తగ్గకూడదు, ప్రతి చలికాలం కొత్తది. రోగి జారకుండా ఛాతీకి, తొడలకు ఒక్కో పట్టీ వేయాలి.

దిగేటప్పుడు కాళ్ళు ముందు, ఎక్కేటప్పుడు తల ముందు. తల ఎప్పుడూ ఎత్తు వైపే ఉండాలి. గర్భిణిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా పడుకుంటే గర్భం బరువు పెద్ద రక్తనాళం మీద పడి ఆమెకు కళ్ళు తిరుగుతాయి. మోసేవాళ్ళు నలుగురుండి, పది నిమిషాలకోసారి ఇద్దరిద్దరు మారాలి. అలిసిన కాలే మెట్టు మీద తప్పుతుంది.

చెట్టు మీద నుంచి పడ్డవారిని, మెడ, వెన్ను దెబ్బ తగిలినవారిని డోలీలో వేయకండి. డోలీ నడుమును వంచేస్తుంది. వాళ్ళకు తలుపుపలకో నిచ్చెనో కావాలి. దాని మీద దుప్పటి పరచి, తల అటూ ఇటూ కదలకుండా బియ్యం మూటలు ఆనించి, నుదుటి దగ్గర, ఛాతీ, తొడలు, పాదాల దగ్గర కట్టి నలుగురు నాలుగు మూలలా పట్టి దించాలి. పలకకు మూలల్లో తాడు పట్టులు ముందే బిగించి పెట్టుకుంటే ఆ కంగారులో వెతుక్కునే పని ఉండదు.

ప్రశ్న: పనసకాయలు గోనెసంచిలో వేసి దింపితే కింద చేరేసరికి నలిగి, రెండు రోజుల్లో నల్లబడుతున్నాయి. – కవిటి మండలం నుంచి

ఒకదాని మీద ఒకటి పడటమే కారణం. పది కిలోల కాయ కిందున్న కాయ ముళ్ళను చితకగొడుతుంది, అక్కడి నుంచి కుళ్ళు మొదలవుతుంది. కోసేటప్పుడు తొడిమ జానెడు వదిలి కోయండి. తొడిమ కిందికి ఉండేలా కాయను అరగంట వాల్చి పాలు కారనివ్వండి. తర్వాత తొడిమకు తాడు వేసి కావిడికి అటు రెండు, ఇటు రెండు విడివిడిగా వేలాడదీయండి. బండి మీదైతే ఎండుగడ్డి పరచి ఒకే వరుస వేయాలి, రెండో వరుస వేయవద్దు. రోడ్డు దగ్గర దింపేటప్పుడు పైనుంచి విసరకుండా చేతికి చేయి అందించుకుంటే చాలావరకు నిలుస్తాయి.